గోడకి పాఠం చెప్పొద్దు

చిరంజీవి అమ్మాయికి,
శ్రీకాకుళం నుంచి మాస్టారి ఆశీస్సులు.

ఎంబీఏ పిల్లలకి ఆన్‌లైన్‌లో వర్కింగ్ క్యాపిటల్, అంటే వ్యాపారం రోజూ నడవడానికి కావలసిన డబ్బు గురించి చెబుతుంటే గోడకి చెప్పినట్టుందని రాశావు. గంటసేపు నువ్వొక్కదానివే మాట్లాడితే గోడే మిగులుతుంది మరి. సూత్రాలూ నిర్వచనాలూ పది నిమిషాల ఆడియోగా ముందురోజే వాట్సాప్‌లో పెట్టెయ్. సీతంపేట కొండల వైపు పిల్లలకి సిగ్నల్ లేకపోయినా అది ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది. లైవ్ క్లాసు బేరానికీ వాదనకీ ఉంచు.

పలాస జీడి వ్యాపారి కుర్చీలో వాళ్లని కూర్చోబెట్టు. పొట్టు తీయని జీడి పిక్కలు కొనేది వేసవి సీజన్లో, పప్పు అమ్మేది ఏడాది పొడుగునా. 80 కిలోల బస్తా 12 వేలు అనుకుని 500 బస్తాలు కొంటే 60 లక్షలు గోడౌన్లో ఇరుక్కుంటాయి. బ్యాంకు వడ్డీ ఏడాదికి పది శాతమైతే నెలకి 50 వేలు. ఇప్పుడొక పార్టీ 10 లక్షల సరుకు 45 రోజుల అరువుకి అడిగాడు. అరువిస్తే వడ్డీ 12,500. ఒక శాతం తగ్గించి రొక్కం పుచ్చుకుంటే పోయేది 10 వేలు. ఏం చేస్తారు?

జవాబు అందరూ చాట్‌లో టైప్ చెయ్యాలి, కానీ నువ్వు చెప్పేదాకా ఎవరూ పంపకూడదు. లేకపోతే క్లాసు ఫస్టు ఏది రాస్తే మిగతావాళ్లూ అదే రాసేస్తారు. ఒక్కసారిగా వచ్చిపడ్డాక, అరువిస్తానన్నవాణ్ణీ ఇవ్వనన్నవాణ్ణీ పేరు పెట్టి పిలువు. రొక్కమే అని పట్టుబడితే పార్టీ పక్క కొట్టుకి పోడా అని ఎవరో ఒకరు లేస్తారు. అక్కడ నోరు కట్టుకుని కూర్చో. కష్టమేలే, మన మాస్టార్ల జాతికి.

పలాస చుట్టుపక్కల జీడితోటల సీమ ఉద్దానం పిల్లలుంటే మరీ మంచిది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటల్ని పడగొట్టింది కదా, అలాంటి ఏడాది పిక్కలు ఎక్కణ్ణుంచి తేవాలో వాళ్లచేతే చెప్పించు. ఆఫ్రికా సరుకు మాట వస్తుంది, దాని వెనకే డాలరు రేటూ వస్తుంది. మరో క్లాసు అక్కడే దొరికింది.

కెమెరా ఆన్ చెయ్యమని పట్టుబట్టకు. ఒకే గది ఇళ్లుంటాయి. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకే ఆగిపోతుందని బెంగ వద్దు, నన్నడిగితే అంతకు మించి ఎవరూ వినరు కూడా.

అసైన్‌మెంట్లు ఇప్పుడు చాట్‌జీపీటీ రాసిపెడుతోంది. రాసింది తీసుకో, మార్కులు మాత్రం ఐదు నిమిషాల ఫోను వైవాకి, అంటే నోటి పరీక్షకి వెయ్యి. వడ్డీ 12 శాతమైతే నీ నిర్ణయం మారుతుందా అని ఒక్కటడిగితే చాలు, ఎవరు లెక్క చేశారో తెలిసిపోతుంది.

ఎక్సెల్ షీటు పంపేముందు నీ ఫోన్లో తెరిచి చూసుకో. సగంమందికి ల్యాప్‌టాప్ ఉండదు.

మీ మాస్టారు