రెండుసార్లూ అదే వస్తే నిజమేనా?

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. స్కూల్లో వేలిముద్రలు స్కాన్ చేసి, వాటిని బట్టి తెలివి చెప్పే డీఎంఐటీ అనే పరీక్ష రిపోర్టు ఇచ్చారు. లెక్కల తెలివి తక్కువని అందులో ఉంది. ఆర్నెల్లాగి మళ్లీ తీయిస్తే అచ్చం అదే వచ్చింది. వాడేమో "నాకు లెక్కలు రావంట కదా" అని హోంవర్క్ పక్కన పెట్టేస్తున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, అదే రావడంలో వింతేమీ లేదు. వేలిముద్రలు కడుపులో ఉండగానే ఏర్పడతాయి, జీవితాంతం మారవు. బాబుకి అరవై ఏళ్లొచ్చాక తీసినా అవే గీతలు. ఎన్నిసార్లు కొలిచినా ఒకే ఫలితం రావడాన్ని విశ్వసనీయత అంటాం. కొలుస్తున్నామని చెప్పినదాన్నే నిజంగా కొలవడం సప్రమాణత. మీ ఇంట్లో డీఎస్సీకి చదివినవాళ్లుంటే ఈ రెండు మాటలూ వాళ్లకు తెలిసే ఉంటాయి. స్కానర్ చూసింది గీతలనే. వాటిని బట్టి లెక్కల తెలివి చెప్పొచ్చని రుజువు లేదు. డీఎంఐటీకి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా చెప్పింది. ఈ రిపోర్టుల్లో కనిపించే 'బహుళ ప్రజ్ఞలు', అంటే రకరకాల తెలివితేటలు, అమెరికా మనస్తత్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించినవి. ఆయన వాటిని వేళ్లు చూసి చెప్పలేదు.

విశ్వసనీయతకూ సప్రమాణతకూ ఉన్న ఈ తేడా నాకు పుస్తకంలో అర్థం కాలేదు. పిల్లల తెలివిని పరీక్షించే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తండా నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల పాపకు తెలుగులో పదాల పరీక్ష పెట్టాను. మార్కులు బాగా తక్కువ. నెల తర్వాత పెట్టినా దాదాపు అంతే. స్కోరు నిలకడగా ఉంది కదా అని 'తెలివి తక్కువ' అని రాసేశాను. తర్వాత వాళ్ల నానమ్మ లంబాడీలో అడుగుతుంటే, ఏ మేక ఎప్పుడు ఈనిందో, ఎన్ని పిల్లలు అమ్మారో, ఎన్ని మిగిలాయో ఆ పాప గడగడా లెక్క చెప్పింది. నేను రెండుసార్లూ కొలిచింది ఆమె తెలుగునే. ఆ కాగితం వెనక్కి తీసుకున్నాను గానీ, అప్పటికే టీచరు ఆమెను వెనక బెంచీకి పంపేశారు. ఆ బాధ ఇంకా ఉంది.

మంచి పరీక్ష ఒక్క అంకెతో పిల్లల్ని తేల్చేయదు. సగటు 100 ఉండే ఐక్యూ పరీక్షలో, విశ్వసనీయత 1కి 0.90 ఉన్నా, 95 వచ్చిందంటే ఇంచుమించు 86కీ 104కీ మధ్య అని చదవాలి. మీ రిపోర్టులో ఇలాంటి హద్దు ఏమైనా రాశారా, చూడండి.

ముందు బాబుతో మాట్లాడండి. "ఆ మిషన్ నీ వేళ్లు చూసింది, నీ లెక్కలు చూడలేదు" అని చెప్పండి. తర్వాత లెక్కల నోటుబుక్కు తీసి ఏ పాఠం దగ్గర తప్పులు మొదలయ్యాయో వాళ్ల టీచరుతో కలిసి వెతకండి. ఆరో తరగతిలో నా దగ్గరికి వచ్చే చాలామంది పిల్లలు భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉంటారు.