దొరసానిలో ‘సాని’ తప్పుమాటా?

సందేహం: మా కళాశాల వార్షికోత్సవానికి ‘మాక్‌బెత్’ నుంచి కొన్ని రంగాలు తెలుగులో ఆడిస్తున్నాం. లేడీ మాక్‌బెత్‌ని ‘దొరసాని’ అని రాశాను. ఆ వేషం వేస్తున్న అమ్మాయి తల్లిగారు ‘సాని’ అన్న మాట తమ పిల్లకి తగిలించవద్దంటున్నారు. తోటివారు ‘శ్రీమతి మాక్‌బెత్’ అనమంటున్నారు. ఏది సరి?
– ఒక అధ్యాపకురాలు, ఆమదాలవలస

సమాధానం: ‘శ్రీమతి మాక్‌బెత్’ మాత్రం వద్దమ్మా. అది శుభలేఖల్లోనూ బ్యాంకు దరఖాస్తుల్లోనూ ఉండే మాట. నువ్వసలు మగాడివేనా అని మొగుణ్ని ఎత్తిపొడిచి, ఇంటికొచ్చిన రాజును చంపించిన మనిషికి అది అతకదు. ఈమధ్య కనబడిన ప్రతి ఇంగ్లీషు బిరుదుకీ శ్రీమతినే అంటగడుతున్నారు, మనకు వేరే మాటే లేనట్టు. ఉంది. మనమే పాడుచేసుకున్నాం.

స్వామికి ‘సామి’ ఎలాగో, స్వామినికి ‘సాని’ అలాగే. ఇద్దరూ ఒక్క ఇంటివాళ్లు. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో ఎఱకేశ్వరాలయం ఉంది. 1208లో దాన్ని కట్టించింది బేతిరెడ్డి భార్య ఎఱకసాని. దేవుడికి తన పేరే పెట్టుకున్న ఇల్లాలు ఆవిడ. ఆ పేరు చివరి ‘సాని’ని ఎవరైనా తిట్టనుకుంటారా? కోస్తా గుళ్ల శాసనాల్లో ‘సానిమున్నూరు’ అని వస్తుంది. దేవుడి కొలువులో హక్కులున్న స్త్రీల సమూహం అది. ఆ కొలువు దేవుడి ముంగిట్లోంచి జమీందార్ల మేజువాణీకి, అంటే వాళ్ల వినోదపు ఆటపాటలకి, దిగాక మాటకూ మైల అంటింది. ‘సామీ’ అంటే ఇప్పటికీ చేతులు జోడిస్తాం, ‘సాని’ అంటే చెవులు మూసుకుంటాం. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు. (మంత్రసానిలో ఉన్నదీ ఈ సానే. అక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు.)

మా విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు 1892లో ‘కన్యాశుల్కం’ ఆడేనాటికే ఆ మాట నిందగా స్థిరపడిపోయింది. గురజాడ ఆ నిందను మోస్తున్న మనిషినే తెచ్చి నాటకానికి ప్రాణం చేశాడు. మధురవాణి వేసే ఎత్తులు తక్కువేమీ కావు. మగవేషం కట్టి సౌజన్యారావు పంతులింటికి వెళ్లగలిగిన మనిషి. ఆ ఎత్తులతో ఆమె ఒక పసిపిల్ల పెళ్లి తప్పించింది. మీ నాటకంలో ఆవిడ కాపలావాళ్ల పానీయంలో మత్తుమందు కలిపింది, వాళ్ల ముఖాలకు రాజు నెత్తురు పూసి వచ్చింది. గురజాడను చదివినవాళ్లు ‘సాని’ అన్న మాటకు ఉలిక్కిపడకూడదని నా మనవి.

ఇక మీ నాటకం. షేక్‌స్పియర్ ఆవిడకు పేరే పెట్టలేదు. 1623 నాటి అచ్చులో ఆవిడ తొలిసారి రంగం మీదికి వచ్చేచోట ‘మాక్‌బెత్ భార్య’ అనే ఉంటుంది, చేతిలో ఉత్తరంతో. పాత్రల పట్టికలో మీరూ అలాగే వేసుకోవచ్చు. ‘ఖలనాయిక’ అని మాత్రం వేయకండి, అది సినిమా పోస్టరు మాట.

సంభాషణల్లో ‘దొరసాని’ ఉండాలనే నాకనిపిస్తుంది. “దొరసానీ, రాత్రికి రాజుగారు ఇక్కడికే వస్తున్నారు” అని వార్తాహరుడు చెప్పేటప్పుడు ఆ పిలుపు చెవిన పడాలి. మూడో అంకం నుంచి ఆవిడ దొరసాని కాదు, రాణి. అయిదో అంకంలో మాక్‌బెత్‌కి వచ్చే కబురు కూడా “రాణిగారు పోయారు” అనే. రాణి అయ్యేదాకా నౌకర్ల నోట ‘దొరసాని’ వినబడి ఉంటేనే, ఆవిడ దేనికోసం అంత చేసిందో చూసేవాళ్లకు చెవితోనే తెలుస్తుంది. మొదటినుంచీ చివరిదాకా ‘శ్రీమతి’ అయితే ఆ తేడా పోతుంది.

అయితే వేషం వేసేది ఎదిగిన ఆడపిల్ల, ఊళ్లో తిరగవలసిన పిల్ల. తల్లి భయాన్నీ తీసిపారేయలేం. ఆవిడకు ఎఱకసాని సంగతి చెప్పి చూడండి. అప్పటికీ మనసొప్పకపోతే ‘దొరసానమ్మ’ అనండి. మన పల్లెల్లో నోరారా పిలిచే పిలుపే.