ముందు ట్యాంకు కడుగు, తర్వాతే బ్లీచింగ్

అల్లుడూ,

దర్శి దగ్గర మీ ఊళ్లో వాటర్‌మన్‌ పని నీకిచ్చారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇన్నేళ్లు ఇదే పని చేసి దిగినవాణ్ణి, ఊరికే ఉండలేక రాస్తున్నా.

మీవి సాగర్ కాలవ నీళ్లు. ఎంత వడగట్టినా ట్యాంకు అడుగున ఒండ్రు పడుతుంది. దాని మీద బ్లీచింగ్ వేస్తే క్లోరిన్‌ను బురదే తినేస్తుంది, నీళ్లకేం మిగలదు. పదిహేను రోజులకోసారి వాషౌట్ వాల్వు తిప్పి ఖాళీ చేసి, గోడల పాచి బ్రష్షుతో గీకు. మరకలు పోవాలని యాసిడ్ మాత్రం తేకు. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. దిగేముందు మూత తీసి గాలాడనివ్వు. పైన ఒకడు తాడు పట్టుకుని ఉండాలి.

చేరిన కొత్తలో నేను పొడి బ్లీచింగ్ అలాగే మూతలోంచి కుమ్మరించాను. మొదటి వీధిలో అన్నం కూడా వాసనొచ్చిందని ఆడవాళ్లు బిందెలతో మా ఇంటి మీదికొచ్చారు. చివరి కాలనీకి మాత్రం క్లోరిన్ చేరనే లేదు. నువ్వలా చేయకు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి వదిలేయ్. సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే, ట్యాంకు నిండుతున్నప్పుడు పొయ్. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పిడికిలి లెక్క వద్దు, తూకం కొనుక్కో. బస్తా మూతి బిగించి నీడన పెట్టు, గాలీ తేమా తగిలితే బలం పోతుంది. తేట ట్యాంకులో కలిపాక గంట ఆగి నీళ్లు వదులు.

పరీక్ష చిట్టచివరి కుళాయి దగ్గరే చెయ్. క్లోరిన్ ఉందో లేదో చూపే ఆర్థోటోలిడిన్ మందు చుక్కలేస్తే నీళ్లు పసుపెక్కాలి, మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ట్యాంకు కిందున్న కుళాయి చూసి రిజిస్టర్ నింపేసేవాళ్లు ఉన్నారులే, వాళ్ల దగ్గర నేర్చుకోకు.

కాలవ ఆగినప్పుడు బోరు నీళ్లు ఎక్కించమంటారు. మా కనిగిరి వైపు కీళ్లు బిగుసుకుపోయిన ముసలోళ్లను నువ్వూ చూశావుగా. అది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పనే. ఆ ఫ్లోరైడ్ బ్లీచింగ్‌తో పోదు, కాచినా పోదు. ముందు ల్యాబుకు పంపించు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి వదలనని సర్పంచికి మొహమాటం లేకుండా చెప్పు.

ట్యాంకు నిచ్చెన ఊగుతోందని మీ అమ్మ అంది. వెల్డింగ్ చేయించేదాకా పైకెక్కకు.

మీ మామయ్య