మా ఇంట్లో ఇద్దరికీ కలిసిన సెలవు లేదు

కొనుగోళ్ల జోరు ఇంతగా పెరిగిన హైదరాబాద్‌లో పనికీ ఇంటికీ మధ్య సమతూకం అన్ని వర్గాల వారికీ ఒకేలా దొరుకుతోందా అని అడిగారు. లేదండీ. మా ఇంటి సంగతే చెబుతాను.

మేం మూసాపేటలో ఉంటాం. నాది రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని, ఆదివారాలు సెలవు. అమ్మ పన్నెండేళ్లుగా కూకట్‌పల్లిలో ఒక పెద్ద బట్టల దుకాణంలో చీరలు చూపిస్తుంది. ఆమెకు సెలవు మంగళవారం. నాలాంటివాళ్లందరూ బజారుకు వెళ్లే శని, ఆదివారాల్లో ఆమెకు ఊపిరి సలపదు. శ్రావణమాసం వచ్చిందంటే ఆ మంగళవారమూ పోతుంది.

ఉదయం 10 నుంచి రాత్రి 9:30 దాకా నిలబడే ఉండాలి. అరగంట భోజన సమయం తీసేసినా వారానికి 66 గంటలు. దుకాణాల చట్టం చెప్పేది 48. దుకాణాలను 24 గంటలూ తెరుచుకోవచ్చని 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం అనుమతించినప్పుడు కూడా సిబ్బందికి వారపు సెలవు ఇవ్వాలనే షరతు పెట్టింది. అడగాలంటే మాత్రం అమ్మకు భయం.

ఒకసారి ఆమెను తీసుకురావడానికి వెళ్లాను. షట్టరు సగం దించేశారు. చివరగా వచ్చిన కుటుంబం విప్పించి చూసి వదిలేసిన చీరలు గుట్టగా ఉన్నాయి. ఒక్కో పట్టుచీరనూ జరీ నలగకుండా, పాత మడత గీతల వెంటే మడిచి పెడుతోంది. బరువంతా ఒక కాలి మీద వేసి, కాసేపయ్యాక రెండో కాలికి మార్చుకుంటోంది. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. అమ్మ పనిచేసే అంతస్తులో కుర్చీలున్నది కొనడానికి వచ్చేవాళ్లకే.

నాకూ రాత్రిపూట పని పడుతుంది, కాదనను. కానీ ఒంట్లో బాగోలేకపోతే ఇంటి నుంచి చేస్తానని ఫోనులో ఒక్క మాట పెడితే చాలు. అమ్మ ఒక పూట మానేస్తే జీతం కోస్తారు. ఇది చదువు తెచ్చిన తేడా అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. నా ఇంజినీరింగ్ ఫీజులు కట్టింది ఆ జీతమే.

ఇప్పుడు నెలకో మంగళవారం నేనే సెలవు పెడుతున్నాను. పోయిన మంగళవారం వంటగదిలో అమ్మ చపాతీ పిండి కలుపుతుంటే కుర్చీ తెచ్చి వేశాను. "కూర్చుంటే చెయ్యి ఆడదురా" అని నిలబడే కలిపింది.