రాత్రంతా నల్ల తెర ముందు కూర్చునే అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. నేను స్టీల్ ప్లాంట్‌లో మెకానికల్ మెయింటెనెన్స్‌లో పని చేస్తున్నాను. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. వచ్చే ఏడాది క్యాంపస్ సెలక్షన్లు. తోటి పిల్లలంతా ఫుల్ స్టాక్ అనో, ఏఐ అనో కోర్సుల్లో చేరుతున్నారు. మా పాప మాత్రం రాత్రి 2 గంటల దాకా నల్ల తెర మీద ఏవో రెండక్షరాల కమాండ్లు కొడుతూ ఉంటుంది. ఏంటమ్మా అది అంటే "కంపైలైన ఫైళ్లు విప్పి చూస్తున్నా నాన్నా" అంటుంది. ద్వారకానగర్‌లో ఒక కోర్సుకి 45 వేలు కట్టడానికి సిద్ధంగా ఉన్నాను. తనే వద్దంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. దీంతో ఉద్యోగం వస్తుందా? మాన్పించమంటారా?

ఈ ఉత్తరం అడుగున అమ్మాయి కూడా రెండు లైన్లు రాసింది: "మేడమ్, లింక్ చేసేటప్పుడు లైబ్రరీ పేరు ముందు రాస్తే ఎర్రర్ వస్తోంది, చివర రాస్తే రావడం లేదు. రెండూ ఒకటే కదా, ఎందుకలా?"

జవాబు: మాన్పించకండి. ముందు ఆ మాట చెప్పేస్తే మీ గుండె కాస్త కుదుటపడుతుందని పైనే రాస్తున్నాను. అయితే ఇదొక్కటే చేస్తే సరిపోదు. ఇంకేం చేయాలో చెప్పే ముందు, తను చేస్తున్న పనేమిటో మీకు తెలియాలి. తెలియకపోవడం వల్లే ఈ టెన్షనంతా.

మీరు మెయింటెనెన్స్ మనిషి కాబట్టి మీ పని భాషలోనే చెప్తాను. మీ అమ్మాయి సీ భాషలో ఒక ఫైల్ రాస్తుంది. కంపైలర్ దాన్ని ఆబ్జెక్ట్ ఫైల్‌గా మారుస్తుంది. మెషిన్ షాప్‌లో తయారై వచ్చిన భాగం లాంటిదది. కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి, కానీ ఇంకా బిగించలేదు, బోల్టు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. ఇలాంటి భాగాలు పది, వంద కలిపి ఒకే పెట్టెలో సర్దితే దాన్ని ఆర్కైవ్ అంటారు. మీ పాప లైబ్రరీ అన్నది ఇలాంటి పెట్టెనే. సర్దే కమాండ్ పేరు ఏఆర్. ఏ పేరు ఏ భాగంలో దొరుకుతుందో చెప్పే పట్టిక పెట్టె మొదట్లోనే ఉంటుంది, మీ స్టోర్స్‌లో లెడ్జర్ ఉన్నట్టు. అన్నింటినీ బిగించి నడిచే ప్రోగ్రామ్‌గా చేసే ఫిట్టర్ లింకర్. ఇక మీ పాప కొట్టే ఎన్ఎమ్ అనే కమాండ్ ఒక్కో భాగానికి కట్టిన ట్యాగ్ చదువుతుంది. పేరు పక్కన టి అక్షరం ఉంటే ఆ పని చేసే కోడ్ ఇక్కడే ఉందని అర్థం. యు ఉంటే ఇది నాకు కావాలి, బయట నుంచి తెచ్చి బిగించండి అని.

ఇది నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. బెల్ ల్యాబ్స్‌లో 1971 నవంబరులో వెలువడిన యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొట్టమొదటి మాన్యువల్‌లోనే ఏఆర్, ఎన్ఎమ్, ఎల్‌డీ (లింకర్ ఇదే), స్ట్రిప్ (పేర్ల ట్యాగులు పీకేసేది) ఉన్నాయి. అవే పేర్లతో, దాదాపు అవే పనులతో ఈరోజు మీ ఇంట్లో లాప్‌టాప్‌లోనూ ఉన్నాయి. నేర్చుకున్నది చేతిలో నిలిచే చోటు కంప్యూటర్ రంగంలో ఏదైనా ఉందంటే ఇది అందులో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక చిన్న పని చేయండి. ఈ రాత్రి అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. తన లాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే ఉంటుంది. ఏదైనా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి డౌన్‌లోడ్ చేసిన డెబ్ ఫైల్ ఒకటి తీసుకుని, ఏఆర్ కమాండ్‌కి టి అక్షరం ఇచ్చి చూపించమనండి. తెర మీద మూడు పేర్లు వస్తాయి. డెబియన్-బైనరీ అనే చిన్న ఫైల్, కంట్రోల్ పేరుతో ఒక టార్ మూట, డేటా పేరుతో ఇంకో టార్ మూట. అంటే ఉబుంటు, డెబియన్ వాడే ప్రతి మనిషీ ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ పైన తొడుగు ఆ 1971 నాటి కుటుంబంలోదే. ఆ మూడు పేర్లు మీరే చదవండి. మీ అమ్మాయి ఏం విప్పి చూస్తోందో అప్పుడు మీకే తెలుస్తుంది.

సరే, ఉద్యోగం సంగతి. ఈ సలహాల పనిలోకి రాకముందు నేను కొన్నేళ్లు ఫర్మ్‌వేర్, అంటే పరికరాల లోపల చిప్‌లో నడిచే ప్రోగ్రామ్‌లు, రాశాను. అప్పటి ఒక అనుభవం చెప్తాను. బయటి సంస్థ ఒకటి మాకు సెన్సర్ కోసం లైబ్రరీ ఇచ్చింది. సోర్స్ ఇవ్వలేదు, ఆర్కైవ్ ఫైల్, అందులోని పేర్లు మా కోడ్‌కి చెప్పే హెడర్ ఫైల్, అంతే. మా కోడ్‌తో లింక్ చేస్తే "సెన్సర్_ఇనిట్ దొరకలేదు" అని ఎర్రర్. లైబ్రరీ విప్పి చూస్తే ఆ పేరు కళ్లెదుటే ఉంది! రెండు రోజులు మళ్లీ డౌన్‌లోడ్ చేశాం, కంపైలర్ మార్చాం, వాళ్లకి మెయిల్ మీద మెయిల్ పెట్టాం. మూడో రోజు ఒక సీనియర్ వచ్చి మా ఆబ్జెక్ట్ ఫైల్ మీద, వాళ్ల లైబ్రరీ మీద ఎన్ఎమ్ నడిపి రెండూ పక్కపక్కన పెట్టారు. వాళ్ల వైపు టి, పక్కన సెన్సర్_ఇనిట్. మా వైపు యు, పక్కన _జెడ్11సెన్సర్_ఇనిట్‌వి. మాది సీ ప్లస్ ప్లస్, వాళ్లది సీ. సీ ప్లస్ ప్లస్ కంపైలర్ పేరుకి ముందూ వెనకా గుర్తులు తగిలిస్తుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఆ పేరుకి అండర్‌స్కోర్‌తో కలిపి 11 అక్షరాలు కాబట్టి 11, లోపలికి ఏ విలువా తీసుకోదు కాబట్టి చివర వి. లింకరేమో ఎర్రర్ చూపించేటప్పుడు మన మేలు కోరి ఆ గుర్తులు తీసేసి మామూలు పేరే చూపిస్తుంది. అందుకే రెండు రోజులూ మాకు రెండు పేర్లూ ఒకటిగానే కనిపించాయి. ఈ పేర్లకి గుర్తులు తగిలించకుండా సీ పద్ధతిలోనే ఉంచమని చెప్పే ఎక్స్‌టర్న్ సీ బ్లాక్ ఒకటి ఆ హెడర్ చుట్టూ పెట్టాం, పని అయిపోయింది. నలుగురు ఇంజినీర్ల రెండు రోజుల జీతం ఒక చిన్న కమాండ్ తెలియక వృథా అయింది. ఆ కమాండే మీ పాప ఇరవై ఏళ్లకే చదవడం నేర్చుకుంటోంది.

ఇలాంటి చూపు కావలసిన ఉద్యోగాల్లో మొదటిది ఎంబెడెడ్, అంటే పరికరాల్లోని చిప్‌లకి ప్రోగ్రామ్ రాసే పని. ఈసీఈ పిల్లకి ఇదే దగ్గర దారి. ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 అనే చిప్ ఉన్న చిన్న బోర్డు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. అందులో ప్రోగ్రామ్ నిలిచి ఉండే ఫ్లాష్ 64 కిలోబైట్లు, నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్ 20 కిలోబైట్లు, అంతే. సైజ్ అనే కమాండ్ ప్రోగ్రామ్‌ని టెక్స్ట్ (కోడ్), డేటా (మొదటి విలువ ఇచ్చిన వేరియబుల్స్), బీఎస్ఎస్ (విలువ ఇవ్వని వేరియబుల్స్) అని మూడు అంకెలుగా చూపిస్తుంది. టెక్స్ట్, డేటా కలిపి ఫ్లాష్‌లో పట్టాలి. డేటా, బీఎస్ఎస్ కలిపి ర్యామ్‌లో పట్టాలి, ఆపైన ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తాత్కాలికంగా వాడుకునే స్టాక్‌కి చోటు మిగలాలి. విలువలేవీ ఇవ్వకుండా 16 కిలోబైట్ల టేబుల్ ఒకటి ప్రకటిస్తే, చిప్‌లోకి ఎక్కించే బైనరీ ఫైల్ దాదాపు పెరగదు, ర్యామ్ మాత్రం దాదాపు నిండిపోతుంది. ఎందుకలా అని ఎంబెడెడ్ ఇంటర్వ్యూలో అడుగుతారు. చాలామంది కంఠస్థం చేసిన నిర్వచనం చెప్తారు. తన బోర్డు మీద చూసిన అంకెలు చెప్పే అమ్మాయిని ఎదుటివాళ్లు గుర్తుపెట్టుకుంటారు. అభ్యర్థుల పెద్ద గుంపులో అదే కదా మనకి కావలసింది.

రెండోది సెక్యూరిటీ. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు రిమోట్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ వెళ్లాడు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ దగ్గర తేలింది. టెస్ట్ ఫైళ్ల ముసుగులో ముందే కంపైల్ చేసిన ఆబ్జెక్ట్ ఫైల్ ఒకటి దాచి, బిల్డ్ జరిగేటప్పుడు అది బయటికొచ్చి లైబ్రరీలో కలిసిపోయేలా ఎవరో ఏర్పాటు చేశారు. పైకి కనిపించే సోర్స్ ఎంత చదివినా అది దొరకదు. ఆబ్జెక్ట్ ఫైల్ విప్పి చదవగలిగిన వాళ్ల విలువ ప్రపంచానికి ఆ వారంలో తెలిసొచ్చింది. కంపైలర్, టూల్‌చెయిన్ (కంపైలర్, లింకర్ లాంటి పనిముట్ల సెట్టు) టీములు మూడోది, అవి హైదరాబాద్, బెంగళూరుల్లోని చిప్ కంపెనీల్లో ఉంటాయి. ఖాళీలు తక్కువ, కానీ ఆ పని తెలిసినవాళ్లూ తక్కువే.

విశాఖలోనే ఉండాలంటే? దాచకుండా చెప్తాను, ఇక్కడ ఈ పనికి అవకాశాలు తక్కువ. డీఆర్‌డీఓ వారి ఎన్ఎస్‌టీఎల్ మన ఊళ్లోనే ఉంది. నీటి అడుగున వాడే ఆయుధాల మీద పని చేసే ల్యాబ్ అది. డీఆర్‌డీఓలో సైంటిస్ట్ పోస్టుకి వెళ్లాలంటే గేట్ స్కోరు కావాలి, పోస్టింగ్ మన ఊళ్లోనే వస్తుందన్న హామీ లేదు. మీకు దగ్గర్లో పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్ ఉంది, వైద్య పరికరాలు తయారు చేసే సంస్థలున్నాయక్కడ. పరికరం ఉన్నచోట ఫర్మ్‌వేర్ ఉంటుంది కాబట్టి ఇంటర్న్‌షిప్ కోసం అడిగి చూడమనండి. కానీ మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో వస్తుందని మీరూ, వాళ్లమ్మగారూ ఇప్పటి నుంచే మనసు సిద్ధం చేసుకోవడం మంచిది.

ఇక మీ పాప వినాల్సిన మాట. క్యాంపస్ సెలక్షన్ మొదటి రౌండ్‌లో ఏఆర్ గురించి, ఎన్ఎమ్ గురించి ఎవరూ అడగరు. ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్లు, ఒకటో రెండో కోడింగ్ లెక్కలు ఉంటాయి. ఆ గడప దాటకపోతే నీకు తెలిసినదేదీ చూపించే అవకాశమే రాదమ్మా. రోజూ పొద్దున గంటన్నర వాటికివ్వు. రాత్రి 12 తర్వాత లాప్‌టాప్ మూసెయ్. నిద్ర లేని బుర్రతో పాయింటర్లు చదివితే మర్నాడు ఏదీ మిగలదు.

రెజ్యూమేలో "ఎన్ఎమ్, ఆబ్జ్‌డంప్ వచ్చు" అని రాస్తే లాభం లేదు. వస్తువు చూపించాలి. నా సలహా ఏంటంటే, ఆర్కైవ్ ఫైల్ చదివే చిన్న ప్రోగ్రామ్ నువ్వే సీ లో రాయి. ఫార్మాట్ చాలా సరళం. మొదట 8 బైట్ల గుర్తు. తర్వాత ప్రతి భాగానికీ 60 బైట్ల హెడర్: పేరుకి 16, తేదీకి 12, యజమానికి 6, గ్రూపుకి 6, అనుమతులకి 8, సైజుకి 10, ముగింపు గుర్తుకి 2. డేటా బేసి సంఖ్యలో ముగిస్తే ఒక బైటు నింపి సరి చేస్తారు. ఈ ఒక్క బైటు దగ్గర నీ ప్రోగ్రామ్ కనీసం ఒకసారి తప్పుతుంది, కంగారు పడకు. పొడవాటి పేర్లు 16 బైట్లలో పట్టవు కాబట్టి జీఎన్‌యూ వారి ఏఆర్ వాటిని వేరే పట్టికలో పెడుతుంది. అది కూడా చదవగలిగితే, సిస్టమ్‌లో ఉన్న సీ లైబ్రరీ ఆర్కైవ్ మీద నడిపి, ఏఆర్ ఇచ్చిన జాబితాతో పోల్చి చూడు. వెయ్యికి పైగా పేర్లుంటాయి. ఒక్క తేడా లేకుండా సరిపోయిన రోజు నీకు ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు మాట్లాడగలిగిన సొంత కథ దొరికినట్టే. ఆ తర్వాత అదే బోర్డు మీద ఏదైనా చిన్న ప్రాజెక్టు చెయ్యి, ప్రతి మార్పుకీ ముందూ తర్వాతా సైజ్ అంకెలు నోట్‌బుక్‌లో రాసుకో.

కోర్సు డబ్బు గురించి. ఈ టూల్స్ అన్నీ జీఎన్‌యూ బినుటిల్స్ అనే ఒకే ప్యాకేజీలో ఉచితంగా వస్తాయి, మాన్యువళ్లు కూడా ఉచితమే. 45 వేలు ఇప్పుడు కట్టకండి. బోర్డు, అందులోకి ప్రోగ్రామ్ ఎక్కించే కేబుల్ కొనివ్వండి. లాప్‌టాప్‌లో ర్యామ్ తక్కువైతే పెంచండి. మిగిలినది దాచి ఉంచండి, ఇంటర్వ్యూలకి ఊళ్లు తిరగాల్సి వస్తుంది. పక్కింటి పిల్లాడు ఫుల్ స్టాక్ నేర్చుకుంటున్నాడంటే అది కూడా మంచి పనే. అతనికి అందులో ఇష్టముంటే చక్కగా స్థిరపడతాడు. మీ పాప ఇష్టం ఇంకో వైపు ఉంది, అంతే తేడా. ఏ ఫీజూ కట్టకుండా, ఎవరూ చెప్పకుండా రాత్రి 2 దాకా ఒక పిల్ల కూర్చుంటోందంటే అలాంటి ఇష్టం కోసం నేను ఇన్నేళ్లుగా పిల్లల్లో వెతుకుతున్నాను. దాన్ని చెయ్యి పట్టి లాగేయకండి.

అమ్మాయీ, ఇప్పుడు నీ ప్రశ్న. రెండూ ఒకటి కాదు. లింకర్ నువ్వు రాసిన వరసలోనే ఎడమ నుంచి కుడికి వెళ్తుంది. ఆబ్జెక్ట్ ఫైల్ ఎదురైతే మొత్తం తీసుకుంటుంది. ఆర్కైవ్ ఎదురైతే మాత్రం, ఆ క్షణానికి ఖాళీగా ఉన్న యు పేర్లని ఏ భాగాలు తీరుస్తాయో వాటినే తీసుకుని మిగతా పెట్టె వదిలేసి ముందుకి సాగుతుంది. నువ్వు లైబ్రరీని ముందు రాస్తే అప్పటికి దేని అవసరమూ పుట్టలేదు. కాబట్టి ఒక్క భాగమూ తీసుకోదు. తర్వాత నీ మెయిన్ ఫైల్ వచ్చి ఇది కావాలి అని అడిగేసరికి ఆ పెట్టె దాటిపోయింది, లింకర్ వెనక్కి తిరిగి చూడదు. అందుకే అడిగేవాళ్లు ముందు, ఇచ్చేవాళ్లు వెనక. రెండు లైబ్రరీలు ఒకదాన్నొకటి అడిగితే ఏం చేయాలో ఎల్‌డీ మాన్యువల్‌లో స్టార్ట్-గ్రూప్ అనే ఆప్షన్ దగ్గర ఉంది, అది నువ్వే చదువుకో. ఈసారి లింక్ చేసేటప్పుడు మ్యాప్ ఫైల్ రాయమని కూడా చెప్పు. ఆ ఫైల్ మొదట్లోనే ఏ భాగాన్ని, ఎవరు అడిగితే, ఏ పేరు కోసం లోపలికి తెచ్చిందో వరసగా రాసి ఉంటుంది.