బట్టల్లేని శిల్పం ముందు నిలబడి ఏం చూడాలి?

ప్రశ్న అడిగినాయన రాసింది క్లుప్తంగా ఇదీ: కుటుంబంతో యూరప్ టూర్‌కి వెళ్తున్నారు, అక్కడి మ్యూజియంలలో నగ్న శిల్పాలూ పెయింటింగులూ ఎలాగూ తప్పవు, పక్కన భార్యాపిల్లలు ఉంటే ఎటు చూడాలో తెలియక గబగబా ముందుకి నడిచేస్తారట. కళ తెలిసినవాళ్ళు వాటిలో ఏం చూస్తారు, "నిజంగా వాళ్ళకి వేరే ఆలోచనే రాదా" అని అడిగారు.

ముందు ఆ చివరి ముక్కకి జవాబు చెప్తాను. వస్తుంది. రాదనేవాళ్ళని నేను పెద్దగా నమ్మను. ఇటలీలో ఫ్లోరెన్స్ ఉఫిజీ మ్యూజియంలో టిషన్ అనే చిత్రకారుడు గీసిన 'ఉర్బినో వీనస్' ఉంది, 1538 నాటిది. వీనస్ అంటే రోమన్ల ప్రేమదేవత. పరుపు మీద పడుకుని, తన్ని ఎవరు చూస్తున్నారో తెలిసి, సూటిగా మన కళ్ళలోకి చూస్తూ ఉంటుంది. కావాలని కవ్వించేలా గీసిన బొమ్మ అది. దాని ముందు నిలబడి "అబ్బే, నాకు రంగుల పొందికే కనిపిస్తోందండీ" అంటే ఆ చిత్రకారుడి పనితనాన్ని తక్కువ చేసినట్టే. కాకపోతే ఆ ఆలోచన వస్తుంది, కాసేపు ఉంటుంది, తర్వాత దాని మానాన అది పక్కకి జరుగుతుంది. అది జరిగాక కనిపించేవి చాలా ఉన్నాయి. మనలో ఎక్కువమంది అది జరిగేదాకా ఆగరు, మొహం తిప్పేసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతారు.

నాకు ఈ చూడటం అలవాటైంది మ్యూజియంలో కాదు. నేను ఆర్టిస్టుని కూడా కాదు, లండన్‌లో అకౌంట్స్ ఉద్యోగం. చలికాలంలో నాలుగింటికే చీకటి పడిపోతుంటే ఇంట్లో కూర్చోలేక, దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ హాల్లో వారానికో సాయంత్రం లైఫ్ డ్రాయింగ్ క్లాసులో చేరాను. లైఫ్ డ్రాయింగ్ అంటే ఎదురుగా బట్టల్లేకుండా నిలబడ్డ మనిషిని చూసి బొమ్మ గీయడం. మధ్యలో చిన్న చెక్క వేదిక, చుట్టూ ఈజిళ్ళు, అంటే కాగితం నిలబెట్టుకునే స్టాండ్లు. మోడల్ గౌను వేసుకుని వస్తుంది, గౌను తీసి కుర్చీ మీద పడేస్తుంది, టీచరు "మొదట రెండేసి నిమిషాల పోజులు" అంటుంది, అంతే, మొదలు. రెండు నిమిషాల్లో ఒక నిండు మనిషిని తల నుంచి పాదం దాకా కాగితం మీదకి దింపాలంటే ఇక సిగ్గుపడటానికి టైమెక్కడిది? చేతిలో బొగ్గు కడ్డీ, లోపల టెన్షన్, భుజం ఎంత వాలిందో చూసేలోపు పోజు మారిపోతుంది.

తర్వాత పెద్ద పోజు ఉంటుంది, మధ్యలో టీ. టీకి లేచేముందు టీచరు మోకాళ్ళ మీద కూర్చుని మోడల్ పాదాల చుట్టూ, చెయ్యి ఆనించిన చోటా, మాస్కింగ్ టేపు ముక్కలు అంటిస్తుంది, తిరిగొచ్చాక సరిగ్గా అక్కడే నిలబడాలి కాబట్టి. హీటరు ఒక పక్కనే ఉంటుంది. ఆ పక్క పిక్క ఎర్రగా కందిపోయి ఉంటుంది, రెండో పక్క చలికి రోమాలు లేచి ఉంటాయి. చీలమండ పైన సాక్సు ఎలాస్టిక్ వదిలిన గీతలు. చాలాసేపు బరువు మోసిన కాలి వేళ్ళు నేలని పట్టుకున్నట్టు వంకర తిరుగుతాయి. మోడళ్ళంటే అందరూ సినిమా హీరోయిన్లలా ఉంటారేమో అనుకోకండి. మా క్లాసులో అందరికీ ఇష్టమైన మోడల్ బానపొట్ట ఉన్న రిటైరైన పెద్దాయన. ఎందుకంటే ఆయన ఒంటి మీద గీయడానికి బోలెడంత ఉంటుంది!

అక్కడ మాకు మొదట నేర్పింది ఒక చిన్న కిటుకు, మ్యూజియంలో మీకూ పనికొస్తుంది. మనిషి ఒంటికాలి మీద బరువు వేసి నిలబడితే, మెడ కింద గుంట నుంచి నిట్టనిలువుగా గీత గీస్తే అది ఇంచుమించు ఆ బరువు మోసే కాలి చీలమండ దగ్గరికే దిగుతుంది. ఆ కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందకి వాలుతుంది, వెన్నెముక మధ్యలో మెలిక తిరుగుతుంది. ఇప్పుడు లేచి నిలబడి ఒకసారి మీరే చేసి చూడండి. గ్రీకు శిల్పులు ఇది పట్టుకున్నాక రాతి మనిషికి ఊపిరి వచ్చింది. మన శిల్పుల త్రిభంగిలో, అంటే ఒళ్ళు మూడు చోట్ల వంచి నిలబడే భంగిమలో, ఉన్నదీ ఈ బరువు సంగతే. దీన్ని బట్టల మీద నుంచి పూర్తిగా చూడలేం, మోకాలి దగ్గర మొదలైన కదలిక మెడ దాకా ఎలా పాకిందో తెలియాలంటే మధ్యలో అడ్డం ఉండకూడదు.

మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఆవిణ్ణి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. అక్కడ మైఖెలాంజెలో 'డేవిడ్' ఉంది, అసలుది కాదు, ప్లాస్టర్ పోత, కానీ అదే సైజు, అయిదు మీటర్ల పైమాటే. 1857లో టస్కనీ గ్రాండ్ డ్యూక్ దాన్ని విక్టోరియా రాణికి కానుకగా పంపిస్తే ఆవిడ మ్యూజియానికి ఇచ్చేసింది. రాజకుటుంబం ఆడవాళ్ళు చూడటానికి వస్తే ఇబ్బంది పడకూడదని, ముందు అడ్డంగా తగిలించడానికి ప్లాస్టర్‌తో ఒక అత్తి ఆకు చేయించారు. దాదాపు అర మీటరు పొడవు, రెండు కొక్కేలకి తగిలించేవారు. ఇప్పుడా ఆకుని పీఠం వెనక ఒక అద్దాల పెట్టెలో పెట్టారు. ఈ కథ చెప్తే మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "అయితే తగిలించేవాడు నిచ్చెనెక్కేవాడా అమ్మాయ్" అన్నారు. తర్వాత ముందుకొచ్చి తలెత్తి చాలాసేపు చూసి, "ఆ చెయ్యేంటమ్మా అంతుంది, కొలత తప్పాడా?" అని అడిగారు.

నాకు ముచ్చటేసింది, ఎందుకంటే చూడాల్సింది సరిగ్గా అదే. కుడి చెయ్యి నిజంగానే పెద్దది, తల కూడా పెద్దదే. అది ఫ్లోరెన్స్ కతీడ్రల్ మీద చాలా ఎత్తున నిలబెట్టాలని చేయించిన శిల్పం, కింద నుంచి చూసేవాళ్ళకి తలా చెయ్యీ చిన్నవైపోకుండా పెంచి చెక్కాడని చాలామంది చెప్పే కారణం. 1501లో పని చేతికొచ్చేసరికి మైఖెలాంజెలోకి 26 ఏళ్ళు, అంతకుముందు వేరే శిల్పులు మొదలుపెట్టి వదిలేసిన పాలరాయి అది, 1504కల్లా పూర్తి చేశాడు. ఆ చేతి మీద నరాలు చూడండి, వేలాడేసిన చెయ్యే కానీ విశ్రాంతిగా లేదు. మెడ పక్కన కాలర్ ఎముక పైన ఒక సిర ఉబ్బి ఉంటుంది. 2019లో ఒక అమెరికన్ గుండె డాక్టరు దాని గురించి వైద్య పత్రికలో రాశాడు: మామూలుగా నిలబడ్డ ఆరోగ్యవంతుడికి అది అలా పైకి తేలదు, ఒళ్ళంతా ఉద్రేకంలో ఉన్నప్పుడు తేలుతుంది అని. బైబిల్ కథలో డేవిడ్ అనే కుర్రాడు గోలియాత్ అనే మహాకాయుడి మీదకి రాయి విసరబోయే ముందు క్షణం కదా మరి. కింద నుంచి చూస్తే తాపీగా నిలబడ్డ కుర్రాడు, మెడ నుంచి పైకి భయమూ కోపమూ. బట్టలు వేస్తే ఇదంతా మాయమైపోయి ఒక పొడుగాటి మనిషి మిగులుతాడు. 2023లో ఫ్లోరిడాలో ఒక బడిలో పిల్లలకి ఈ శిల్పం ఫొటో చూపించినందుకు గొడవై ప్రిన్సిపాల్ ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. ఇబ్బంది మనకే అని బాధపడక్కర్లేదు.

ఇంతకీ ఆ రోజు ఇబ్బంది పడ్డది మా ఆయన, అంతసేపూ ఫోన్‌లో ఏదో వెతుక్కుంటూనే ఉన్నారు. అత్తగారు నలుగురు పిల్లలకి నీళ్ళు పోసిన మనిషి, మంచాన పడ్డ మామగారికి చివరిదాకా ఒళ్ళు తుడిచిన మనిషి. ఒళ్ళంటే ఆవిడకి కొత్తేముంది?

అందమైన ఒళ్ళే గీయాలన్న రూలు కూడా ఏమీ లేదు. నాకు చాలా ఇష్టమైనది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1631 ప్రాంతంలో చేసిన చిన్న ఎచింగ్ ప్రింటు, అంటే లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ. మట్టిదిబ్బ మీద కూర్చున్న ఒక మామూలు ఆడమనిషి, పొట్ట మడతలు పడి ఉంటుంది, కాళ్ళ మీద మేజోళ్ళు జారకుండా కట్టుకున్న పట్టీల గుర్తులు కూడా వదల్లేదు మహానుభావుడు. ఆయన పోయాక 1681లో పెల్స్ అనే డచ్ కవి, వీనస్‌ని గీయమంటే చాకలిదాన్ని గీశాడు, పట్టీల గుర్తులు కూడా చూపించాడు అని ఎత్తిపొడుస్తూ పద్యం రాశాడు. నాకు మాత్రం ఆ గుర్తులు చూడగానే సాయంత్రం చీర విప్పాక నడుం చుట్టూ మిగిలే లంగా బొందు ఒరుపు గుర్తొచ్చింది. దేవతలకి ఆ గీత ఉండదు. ఆ బొమ్మలో ఉన్నది పొద్దుట్నుంచీ బట్టలు కట్టుకుని పని చేసి, ఇప్పుడే విప్పిన మనిషి.

ఇక నాకు తెగని చిక్కు ఒకటుంది, ఆడదాన్ని కాబట్టి చెప్తున్నాను. ఈ బొమ్మల్లో సగానికి సగం మగవాళ్ళు మగవాళ్ళ కోసం గీసినవి. లండన్ రాయల్ అకాడమీలో 1893 దాకా ఆడ విద్యార్థులని లైఫ్ క్లాసులోకే రానివ్వలేదు, అప్పుడు కూడా మోడల్ నడుముకి గుడ్డ చుట్టి గానీ కూర్చోబెట్టలేదు. ఆ అకాడమీ సభ్యులు నగ్న మోడళ్ళ చుట్టూ చేరిన దృశ్యాన్ని 1770ల మొదట్లో జోఫనీ అనే చిత్రకారుడు గీశాడు. వ్యవస్థాపక సభ్యుల్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోసర్. వాళ్ళు గదిలో ఉండరు, గోడకి వేలాడే పటాల్లో ఉంటారు! లండన్ నేషనల్ గ్యాలరీలో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ గీసిన వీనస్ ఉంది, వీపు మనవైపు తిప్పి పడుకుని అద్దంలో చూసుకుంటూ ఉంటుంది. 1914లో మేరీ రిచర్డ్‌సన్ అనే ఓటుహక్కు ఉద్యమకారిణి మాంసం నరికే కత్తితో ఆ వీపు మీద గాట్లు పెట్టింది. తమ నాయకురాలి అరెస్టుకి నిరసనగా అని అప్పుడు చెప్పింది, చాలా ఏళ్ళ తర్వాత మాత్రం, మగవాళ్ళు రోజంతా దాని ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడటం తనకి నచ్చలేదని కూడా చెప్పింది. ఆవిడ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఆ వీపు మీద మెడ నుంచి నడుం దాకా వెలుగు జారిన తీరు చూడ్డానికి నేను మళ్ళీ మళ్ళీ వెళ్తాను. ఈ రెండూ నాలో రాజీ పడలేదు, పడకపోయినా ఫర్వాలేదనిపిస్తోంది.

"మన సంస్కృతి కాదు" అనే మాట ఇక్కడ ఎవరో ఒకరు అంటారు కాబట్టి: చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం ఫలకాలు చూడండి. బుద్ధుడి పాదాలకి మొక్కుతున్న ఆడవాళ్ళ ఫలకం ఒకటుంది, రెండో శతాబ్దం నాటిది. ఒంటి మీద గుడ్డ కన్నా నగలే ఎక్కువ. కానీ అక్కడ కవ్వింపు లేదు, నేల మీదకి వంగిన వీపులే నమస్కారం. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి రాళ్ళ ముందు తెలుగు కుటుంబాలు హాయిగా నిలబడి సెల్ఫీలు తీసుకోవడం చూశాను, అదే మ్యూజియంలో గ్రీకు వీనస్ ముందు అదే కుటుంబం నడక పెంచుతుంది. గుడి బొమ్మ అనగానే మన కళ్ళకి ఒక లైసెన్సు దొరుకుతుంది కాబోలు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు కూడా బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకున్నవాడే. నిండా 28 ఏళ్ళు లేకుండా 1925లో మశూచితో పోయాడు. ఆయన గీసిన ఆడవాళ్ళ భుజాలు చూడండి, చీర కింద ఎముక ఎక్కడుందో తెలిసినవాడి గీత అది.

చట్టం సంగతి కూడా ఒక్క ముక్క. 1954లో అక్బర్ పదంసీ అనే చిత్రకారుడి బొమ్మల మీద బొంబాయిలో అశ్లీలం కేసు పెట్టారు, ఆయన గెలిచాడు. చచ్చిపోయాక కూడా ఆయన్ని వదల్లేదు, పదంసీవీ, ఎఫ్.ఎన్. సౌజా అనే ఇంకో చిత్రకారుడివీ కొన్ని బొమ్మలని కస్టమ్స్ వాళ్ళు అశ్లీలమని పట్టుకుంటే, నగ్నంగా ఉన్న ప్రతి బొమ్మా అశ్లీలం కాదని చెప్పి 2024లో బొంబాయి హైకోర్టు విడిపించింది.

పిల్లల గురించి అడిగారు కదా. నవ్వుతారు, నవ్వనివ్వండి, "ష్" అన్నారంటే ఇందులో ఏదో ఉందని మీరే చెప్పినట్టు. మా వాడికి నేను పెట్టే ఆట ఒకటే: "ఈయన ఏ కాలి మీద నిలబడ్డాడో చెప్పు, అలాగే నువ్వూ నిలబడు." పదో శిల్పం దగ్గరికి వచ్చేసరికి ఆకలేస్తోందని గోల చేస్తాడు తప్ప నవ్వడు.

యూరప్ దాకా ఆగక్కర్లేదు, ముందు పాలంపేట రామప్ప గుడికి వెళ్ళిరండి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మూడు ద్వారాల దగ్గర చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే అందగత్తెల శిల్పాలు ఉంటాయి, నగలు తప్ప ఒంటి మీద పెద్దగా ఏమీ ఉండదు. గైడ్లు అందులో ఒకామె కాళ్ళకున్న హై హీల్స్ లాంటి చెప్పులు చూపించి, అందరూ ఆశ్చర్యపోగానే పక్కకి తీసుకెళ్ళిపోతారు. మీరు కదలకండి. ఆ మదనికలు బాగా ఎత్తులో ఉంటారు, మెడ పట్టేస్తుంది, కాబట్టి చిన్న బైనాక్యులర్ ఒకటి పట్టుకెళ్ళండి. గుడి తూర్పు ముఖం, పొద్దున్నే వెళ్తే ముందు ద్వారం వైపు బొమ్మల మీద ఎండ బాగా పడుతుంది.