నత్తగుల్ల కొంగ వ్యాసాన్ని సరిచేయడం ఎలా?

నమస్కారం అండీ. తెలుగు వికీపీడియాలో మీరు రాసిన నత్తగుల్ల కొంగ వ్యాసానికి "మూలాలు లేవు" అని మూస (పేజీ పైన కనిపించే హెచ్చరిక పెట్టె) పెట్టారని, గూగుల్‌లో దొరికిన ఫొటో తీసేశారని బాధపడ్డారు. మీ కష్టం వృథా కాలేదు, రెండూ సరిచేయవచ్చు.

ముందు ఫొటో సంగతి. ఇతరుల ఫొటో అనుమతి లేకుండా నిలవదు. ఈ కొంగలు గూళ్లు కట్టే శ్రీకాకుళం జిల్లా తేలుకుంచి ఊళ్లో మీరు తీసినవే కామన్స్‌లో (వికీపీడియా బొమ్మలు దాచే ఉమ్మడి సైటు) ఎక్కించండి. ముక్కు దగ్గరగా కనిపించే ఫొటో ఉంటే మరీ మంచిది. ఈ పక్షికి అదే గుర్తు: ముక్కు మూసినా పై, కింది దవడల మధ్య సందు ఉంటుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. అందుకే పెద్ద కొంగ, పిల్ల రెండూ పక్కపక్కన ఉన్న ఫొటో చాలా విలువైనది. 1783లో బొడ్డార్ట్ అనే శాస్త్రవేత్త ఈ పక్షికి పెట్టిన "ఆసిటాన్స్" అనే శాస్త్రీయ నామానికి అర్థం కూడా ఆవులించేది అనే.

ఆహారం దగ్గర "నత్తలను పగలగొట్టి తింటుంది" అని రాశారు, అది మార్చండి. కింది ముక్కు కొనను గుల్లలోకి దూర్చి, కండరం తెంపి మాంసం లాగుతుంది. గుల్ల చాలాసార్లు పగలదు.

మీరు కళ్లారా చూసినదైనా అచ్చయిన ఆధారం లేకపోతే వ్యాసంలో రాయకూడదు. పక్షుల పుస్తకాలు, దినపత్రికల కథనాలు చూసి ప్రతి వాక్యానికీ మూలం ఇవ్వండి. తేలినీలాపురాన్ని మాత్రం ఇందులో కలపకండి, అది గూడబాతులకు, ఎర్రకాళ్ల కొంగలకు పేరున్న ఊరు.

మార్పులు చేశాక చర్చా పేజీలో ఒక మాట రాయండి, మూస నేను చూసి తీసేస్తాను.